నేలపట్టు గూడబాతులు విదేశీ అతిథులు కావు

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న జనవరిలో ఫ్లెమింగో ఫెస్టివల్ అప్పుడు మీరు జిల్లా పేజీలో వేసిన వ్యాసం కటింగు ఇప్పుడు నా ముందు ఉంది. వెనకాల జిగురు, దానికి నోట్‌బుక్ కాగితం ముక్క అంటుకుని ఉన్నాయి. మా మనవరాలు ప్రాజెక్టు వర్కులో అంటించుకున్నదాన్ని నేనే మెల్లిగా ఊడదీశాను. అందులో సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు పక్షుల కేంద్రానికి సైబీరియా నుంచి, ఆస్ట్రేలియా నుంచి విదేశీ విహంగాలు అతిథులుగా వచ్చాయని రాశారు. పక్కన వేసిన ఫొటో మాత్రం గూడబాతుది, అంటే ఇంగ్లీషులో పెలికాన్ అనేది. ముక్కు మీద నల్లటి చుక్కలు కూడా కనిపిస్తున్నాయి. ఫొటో తీసినవారికి దండం పెట్టాలి, అంత బాగుంది. రాసినవారితోనే నాకు పేచీ.

మనవరాలు ఏడో తరగతి. "పెలికాన్ ఆస్ట్రేలియా దేశపు పక్షి" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. పదికి పది మార్కులు వచ్చాయి. అది తప్పమ్మా అంటే, "పేపర్లో ఉంది కదా అమ్మమ్మా" అంది. పేపర్లో ఉన్నదానికీ అమ్మమ్మ చెప్పినదానికీ పోటీ వస్తే ఎవరు గెలుస్తారో మీకు తెలుసు. అందుకే ఆ పేపరుకే రాస్తున్నాను.

నేను పక్షుల శాస్త్రం చదువుకున్నదాన్ని కాదు. ఏఎన్‌ఎంగా పనిచేసి 2017లో రిటైరయ్యాను. ఇప్పుడు నెల్లూరులో మూలాపేటలో ఉంటున్నాను. 1983లో ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నాకు దొరవారిసత్రం వైపు ఒక సబ్‌సెంటర్ ఇచ్చారు. ఆ చుట్టుపక్కల పదిహేనేళ్లు తిరిగాను. ఒక భుజాన మందుల సంచి, ఇంకో చేత్తో టీకాల ఐస్‌డబ్బా, సొంత సైకిలు. నేలపట్టు చెరువు గట్టు నాకు అడ్డదారి. అటువైపు ఊళ్లో టీకాల రోజైతే తెల్లారకముందే ఆ గట్టు మీద ఉండేదాన్ని.

మొదటిసారి చూసింది ఇప్పటికీ గుర్తే. కార్తీకమాసం, వాన వెలిసిన పొద్దు. చెరువులో మొలలోతు నీళ్లలో నిలబడ్డ చెట్లన్నీ తెల్లగా ఉన్నాయి. బట్టలు ఆరేశారేమో అనుకున్నాను. దగ్గరికొచ్చేసరికి ఆ బట్టలకు ముక్కులున్నాయి, ఆ ముక్కుల కింద సంచులున్నాయి. వాసన గురించి చెప్పక్కర్లేదు, చేపల మార్కెట్టు సాయంత్రం మూసేసే వేళ ఎలా ఉంటుందో అలా ఉంది. గట్టు మీద గొడ్లు కాస్తున్న ముసలవ్వ ఒకామె, పాతకాలం మంత్రసాని, నా సంచి చూసి నేను ఎవరో పోల్చుకుని నవ్వింది. "నర్సమ్మా, నీ ఆస్పత్రిలో ఏడాదికి ఎన్ని పురుళ్లు పోస్తావో గానీ, మా చెట్లు పోసినన్ని పోయలేవులే" అంది.

ఆ అవ్వ ఆ పక్షులను ఎప్పుడూ పక్షులని పిలిచిందే లేదు. "పిల్లలొచ్చారు", "పిల్లలు ఇంకా రాలేదు, ఈ ఏడు వాన ఎట్టుంటదో ఏమో" అనేది. పురుడుకు పుట్టింటికి వచ్చే ఆడబిడ్డల లెక్క.

తప్పు నేనూ చేశాను, దాచుకోవడం ఎందుకు. మా డాక్టరు గారి చుట్టాలు మద్రాసు నుంచి వస్తే వాళ్లను గట్టు మీదకు తీసుకెళ్లి, ఇవన్నీ సైబీరియా పక్షులండీ అని గొప్పగా చెప్పాను. సైబీరియా ఎక్కడుందో నాకే తెలియదు. ఎవరో అన్నారు, నేనూ అన్నాను. 1980ల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్లు అక్కడ గూడబాతుల మీద పరిశోధన చేశారు. అప్పట్లో గూళ్లు లెక్కపెట్టే పని మీద వచ్చిన ఒకాయన నా మాట విని, మర్యాదగానే అడిగాడు: "మీరు పురుడు పోశాక రిజిస్టర్లో ఏం రాస్తారమ్మా?" పుట్టిన తేదీ, ఆడో మగో, తల్లి పేరు, పుట్టిన ఊరు అన్నాను. "ఈ చెట్ల మీద గుడ్డు పెట్టి, ఈ చెట్ల మీద పిల్లను చేసి, ఇక్కడే రెక్కలు తెప్పిస్తున్నాయి. మరి వీటి రిజిస్టర్లో పుట్టిన ఊరు ఏమని రాస్తారు?" అన్నాడు. ఆ రోజు నుంచి నేను నోరు జారలేదు.

సైబీరియా నుంచి వచ్చే పక్షి ఇక్కడ గూడు కట్టదు. అక్కడ ఎండాకాలంలో పిల్లల్ని చేసుకుని, మంచు పడే వేళకు తిండి కోసం ఇటు వస్తుంది, మనకు ఎండలు ముదిరేసరికి మళ్లీ పోతుంది. సూదితోక బాతులు అలాంటివి. పక్కనే ఉన్న పులికాట్ సరస్సు బురదలో పరుగులు తీస్తూ ముక్కుతో పొడుచుకు తినే చిన్న చిన్న ఉల్లంకి పిట్టలు చాలావరకు అలాంటివే. వాటిని అతిథులనండి, నాకేం అభ్యంతరం లేదు. నిజానికి అరచేతిలో పట్టేంత పిట్ట అంత దూరం ఎగిరి రావడం గురించి మీరు ఒక పూర్తి పేజీ రాసినా తక్కువే. నేలపట్టు మొత్తం మీద 189 రకాల పక్షులు లెక్కకు వచ్చాయని, అందులో వలస వచ్చేవి 50 రకాలని చెబుతారు. అంటే మిగిలిన వంద పైచిలుకు మనవే కదా.

నేలపట్టుకు పేరు తెచ్చినవి గూడు కట్టే జాతులు. గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ, తెల్లకంకణాయి, తెడ్డుమూతి కొంగ, శబరి కొంగ, నీటికాకి. ఇవన్నీ మన దక్షిణాది చెరువుల మీద బతికే పక్షులు. ఆస్ట్రేలియాలో గూడబాతు లేదని కాదు, ఉంది. అది వేరే జాతి, ఒళ్లు తెల్లగా రెక్కలు నల్లగా ఉంటుంది. మన గూడబాతుది బూడిద తెలుపు, పై ముక్కు అంచున వరసగా చుక్కలు. మీ ఫొటోలోనే ఉన్నాయి, భూతద్దం కూడా అక్కర్లేదు.

ఫ్లెమింగోల సంగతి అడుగుతారేమో. అవి నేలపట్టు చెట్ల మీద వాలవు. పులికాట్‌లో ఉప్పునీటి పలుచటి మడుగుల్లో నిలబడతాయి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద అటకానితిప్ప దగ్గర ఆగితే రెండు పక్కలా కనిపిస్తాయి. తల కిందులు చేసి, వంకర ముక్కును జల్లెడలా వాడి, బురదనీళ్లలో నాచు, సన్న పురుగు వడగట్టుకుని తింటాయి. ఆ తిండిలో ఉన్న రంగే వాటి గులాబీ రంగు. పిల్లలప్పుడు బూడిదరంగులో ఉంటాయి. మన దేశంలో వీటి పెద్ద పురిటిల్లు గుజరాత్‌లోని కచ్ రణ్. అక్కడ బురదతో చిన్న దిబ్బలాగా కట్టి దాని మీద ఒక్క గుడ్డు పెడతాయి. గుజరాత్ విదేశమా? మా వీధిలో గుజరాత్ నుంచి వచ్చి స్వీట్ల అంగడి పెట్టుకున్నాయన ఉన్నాడు, ఆయన్ని ఎవరూ విదేశీయుడు అనరు.

గూడబాతు అన్న పేరే చూడండి. పాతకాలంలో కాలవ నీళ్లు మెరక చేలోకి ఎక్కించడానికి ఇద్దరు మనుషులు చెరో పక్క తాళ్లు పట్టుకుని గూడ, అంటే నీళ్లు తోడే బుట్ట, వేసేవాళ్లు. ఈ పక్షి ముక్కు కింద సంచి అచ్చం ఆ గూడలాగే ఉంటుంది. నీళ్లు, చేప కలిపి తోడుతుంది, నీళ్లు వంపేస్తుంది, చేపను మింగుతుంది. పేరు అక్కడి నుంచే వచ్చిందని ఆయకట్టు రైతు ఒకాయన నాకు చెప్పాడు. భాషా పండితులు ఏమంటారో గానీ నాకు ఆ మాట నచ్చింది. పొలం పని తెలిసినవాడు పెట్టిన పేరులా ఉంది.

ఇంకో సంగతి. 1840ల్లో నెల్లూరులో జెర్డాన్ అనే ఆంగ్లేయుడు సివిల్ సర్జన్‌గా ఉండేవాడు. అంటే మా శాఖ మనిషే అన్నమాట, కాకపోతే నాకంటే చాలా పై హోదా. రోగులను చూసుకుంటూనే పక్షులను, పాములను, చీమలను చూసేవాడు. ఇక్కడి యానాదులతో కూర్చుని వాళ్లకు తెలిసిన సంగతులు అడిగి రాసుకునేవాడు. మన కడప వైపు లంకమల దిగువ కంపల్లో ఉండే కలివికోడి అనే పిట్టకు ఇంగ్లీషులో ఆయన పేరే ఉంది. తర్వాత 1862 నుంచి 1864 దాకా ఆయన అచ్చు వేయించిన పక్షుల పుస్తకాల్లో చాలా పక్షులకు తెలుగు పేర్లు కూడా ఉన్నాయి. గూడబాతుకు చింకబాతు అని ఉంది. నూట అరవై ఏళ్ల కిందటే తెలుగు పేరున్న పక్షికి మనం ఇప్పుడు పాస్‌పోర్టు అడుగుతున్నాం.

ఒక్క మాట దగ్గర ఇంత రాద్ధాంతం ఎందుకంటారా? నాకు తెలిసిన లెక్కలోనే చెబుతాను.

గూడబాతుకు వానలు పడి చెరువు నిండాలి. మనకు పెద్ద వాన ఈశాన్యంది, అక్టోబరు, నవంబరు. నీళ్లు చెట్ల మొదళ్లు మునిగేదాకా వచ్చాకే అవి గూళ్లకు పుల్లలు మొయ్యడం మొదలుపెడతాయి. ఎందుకంటే కింద నీళ్లుంటేనే నక్క రాదు, పిల్లి రాదు, మనిషి రాడు. ఆ నీళ్లే వాటికి ప్రహరీగోడ. ఒక్కో కాన్పుకు మామూలుగా మూడు గుడ్లు. తల్లీ తండ్రీ వంతులు వేసుకుని దాదాపు నెల రోజులు పొదుగుతాయి. మా దగ్గర పురిటి గది గడప తొక్కని తండ్రులను చాలామందిని చూశాను కాబట్టి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. పిల్ల పుట్టినప్పుడు ఒంటి మీద ఈక ఉండదు. కొన్నాళ్లకు తెల్లటి నూగు వస్తుంది. తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి సగం అరిగిన చేపను లాక్కుని తింటుంది. చూసేవాళ్లకు పిల్ల తల్లిని మింగుతోందో, తల్లి పిల్లను మింగుతోందో అర్థం కాదు. రెక్కలు వచ్చి ఎగరడానికి మూడు నుంచి నాలుగు నెలలు పడుతుంది.

ఇప్పుడు కూడండి. నవంబరులో గుడ్డు పెడితే డిసెంబరులో పిల్ల, మార్చి, ఏప్రిల్‌లో ఎగరడం. అన్నాళ్లూ చెట్ల కింద నీళ్లు ఉండాలి. ఫెస్టివల్ జనవరిలో. అంటే మనం బ్యానర్లు కట్టి, స్టాళ్లు పెట్టి, పాటకచేరీ చేసి వెళ్లిపోయేసరికి ఆ తల్లులకు ఇంకా సగం బాలింతకాలం మిగిలే ఉంటుంది. జనవరి తర్వాత చెరువు నీటిమట్టం ఎంతుందో మీ పేజీలో నేనైతే చూడలేదు. పిల్లలు ఎగరకముందే నీళ్లు ఇంకిపోతే ఏమవుతుందో నేను ఒక కరువు సంవత్సరం చూశాను. గూట్లోంచి కింద పడ్డ పిల్లను తల్లి దిగొచ్చి మేపదు. పైన మిగిలినవాటికే తిండి తెస్తుంది. కింద పడ్డది అరిచి అరిచి ఊరుకుంటుంది. ఆ చెరువు మీద పెద్ద గూడబాతు నోరు విప్పగా నేను ఎన్నడూ వినలేదు, గోలంతా పిల్లలదే. ఆ ఏడు ఫిబ్రవరి చివరికే గోల తగ్గిపోయింది.

చెట్ల గురించి చెప్పాలి. వాటిని అక్కడ కడప చెట్లంటారు. ఆరు నెలలు నడుం లోతు నీళ్లలో నిలబడి కూడా కుళ్లని చెట్టు అది. మామూలు వేపచెట్టు ఒక్క సీజనుకే చచ్చిపోతుంది. ఎండాకాలంలో పూస్తుంది. ఎర్రటి సన్నపు పూలు జడగంటల్లాగా వేలాడతాయి. రాత్రిపూట విచ్చుకుని తెల్లారేసరికి రాలిపోతాయి. పక్షులు లేని నెలల్లో నేలపట్టును చూడటానికి ఎవరూ రారు కాబట్టి ఆ పూలను చూసినవాళ్లు తక్కువ. నేను డ్యూటీ మీద పోతూ చూసేదాన్ని. బాట ఎర్రగా ఉండేది, సైకిలు దిగి నడిపించుకు పోయేదాన్ని. రోడ్డు పక్కన ఎక్కడ చూసినా పెరిగే సర్కారు తుమ్మ ఉంది చూశారూ, నిజంగా విదేశీ అంటే అది. సముద్రాలవతల అమెరికా ఖండం నుంచి వచ్చింది, వచ్చి పోలేదు. దాన్ని మాత్రం ఎవరూ విదేశీ అతిథి అనరు.

1984 నవంబరు తుపాను శ్రీహరికోట దగ్గరే తీరం దాటింది. మా వైపు వాళ్లు దాన్ని మరిచిపోరు. ఆ రాత్రి నేను ఒక ఇంట్లో పురుడు పోస్తున్నాను. కప్పు ఎగిరిపోతుందని దూలానికి తాళ్లు కట్టి నలుగురు మగవాళ్లు పట్టుకుని కూర్చున్నారు. లాంతరు మూడుసార్లు ఆరిపోయింది. మొగపిల్లాడు పుట్టాడు. గాలి తగ్గాక ఇంటికి పోతూ చెరువు వైపు చూస్తే గట్టుకు కొట్టుకొచ్చి గూళ్ల పుల్లలు, పగిలిన గుడ్లు, చచ్చిన పెద్ద పక్షులు కూడా. నాకు రాత్రంతా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఇక రావనుకున్నాం. కొన్ని వారాలకే మిగిలినవి మళ్లీ పుల్లలు మోయడం మొదలుపెట్టాయి. మా ఊళ్లల్లో వాళ్లు అప్పటికి కూలిన ఇళ్లకు తాటాకు వెతుక్కుంటున్నారు. ఇద్దరూ ఒకే పని చేస్తున్నారని ఆ అవ్వ అంది. ఆ పిల్లాడికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు, పండక్కి ఫోన్ చేస్తాడు.

రైతులకు వీటితో తగువు లేదా అంటే ఉంది. చేపలు పట్టేవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ ఉంది. కానీ ఆ చెట్ల మీంచి పడే రెట్ట చెరువు నీళ్లలో కలుస్తుంది, అందులో నత్రజని, భాస్వరం దండిగా ఉంటాయి. ఆ నీళ్లు పారిన మడికి ఎరువు తక్కువ పడుతుందని నేను సబ్‌సెంటర్ అరుగు మీద ఎన్నిసార్లు విన్నానో. నత్తగుల్ల కొంగకు ముక్కు మధ్యలో సందు ఉంటుంది, గమనించండి. పొలాల్లో నత్తగుల్లలను వెతికి, లోపలి కండ లాగి తింటుంది. అది వాలిన మడిలో లేత నారుకు నత్తల బెడద తక్కువ. ఇది ప్రేమ కథేమీ కాదు, ఇచ్చిపుచ్చుకోవడం.

ప్రభుత్వం 1976లో నేలపట్టును పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించింది. మొత్తం 458 హెక్టార్ల పైచిలుకు, చెరువు, దాని చుట్టూ చిట్టడవి కలిపి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు రొయ్యల చెరువుల మీద పెద్ద తీర్పు ఇచ్చింది. అందులో చిలికా, పులికాట్ సరస్సులకు వెయ్యి మీటర్ల లోపు రొయ్యల చెరువులు కూడదంటూ, పులికాట్‌తో పాటు నేలపట్టు పక్షుల కేంద్రం పేరు కూడా రాశారు. ఢిల్లీలో కూర్చున్న జడ్జీలకు గుర్తున్న ఊరి పేరు మనకు జనవరిలో తప్ప గుర్తు రాదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట, దొరవారిసత్రం తిరుపతి జిల్లాలోకి పోయాయి. దాంతో నెల్లూరు వాళ్లకు అది మా జిల్లా కాదు అనే వంక కూడా దొరికింది. పక్షులకు ఆ జీవో అందినట్టు లేదు. అవి ఇప్పటికీ నెల్లూరు చెరువులన్నీ తిరుగుతున్నాయి.

గూడబాతులు ఎటూ పోవులే అనుకునేవాళ్లకు ఆరేడు అనే ఊరి కథ చెప్పాలి. కొల్లేరు ప్రాంతంలో, పశ్చిమ గోదావరి వైపు ఊరు అది. 1946లో కేరళకు చెందిన పక్షుల పరిశోధకుడు కె.కె. నీలకంఠన్ అక్కడ గూడబాతులు వేల సంఖ్యలో గూళ్లు కట్టుకుని ఉండటం చూసి లోకానికి చెప్పాడు. 1970లు వచ్చేసరికి ఆ గూళ్లు లేవు. ముప్పై ఏళ్లు కూడా పట్టలేదు. అప్పుడు కూడా అక్కడివాళ్లు ప్రతి ఏడూ వచ్చేవే కదా అనుకుని ఉంటారు.

నేలపట్టు పురిటి గది అయితే వంటిల్లు పులికాట్. ఇరవై కిలోమీటర్ల దూరం రోజూ ఎగిరిపోయి చేపలు తెచ్చి పిల్లలకు పెడతాయి. చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇంకోటి లేదు, కానీ లోతు చూస్తే చాలా చోట్ల మనిషి నడుం దాటదు. సముద్రం పోటు లోపలికి వచ్చి పోతుంటేనే అది సరస్సు, లేకపోతే ఉప్పు మడి. రాయదొరువు, కోండూరుపాళెం ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతున్నాయని జాలర్లు ఎన్నేళ్లుగా మొత్తుకుంటున్నారో మీ పత్రిక పాత సంచికల్లోనే ఉంటుంది. ముఖద్వారం మూసుకుంటే చేప పిల్ల లోపలికి రాదు. జాలరి వలలో పడని చేప గూడబాతు గొంతులోనూ పడదు. వీళ్లిద్దరి కష్టం ఒకటే, మనం మాత్రం ఒకటి మత్స్యశాఖ వార్తగా, ఇంకోటి పర్యాటక వార్తగా వేస్తాం.

ఫెస్టివల్ వద్దని నేను అనడం లేదు. 2001లో మొదలైనప్పుడు నేనూ చీర మార్చుకుని వెళ్లాను. మధ్యలో కొన్నేళ్లు ఆగి 2025 జనవరిలో మళ్లీ జరిగిందంటే సంతోషించాను. పిల్లలు బైనాక్యులర్‌లో చూసి కేకలు పెడుతుంటే బాగుంటుంది. మైకు సౌండు కొంచెం తగ్గిస్తే ఇంకా బాగుంటుంది, బాలింతలున్న వీధిలో డీజే పెట్టనివ్వం కదా. నా బాధల్లా అతిథి అనే మాటతోనే. అతిథి వచ్చిన మూడు రోజులు కొత్త దుప్పటి తీస్తాం, పోయాక మడిచి బీరువాలో పెడతాం. ఇంటి ఆడపిల్లకైతే అట్లా కాదు. అది అత్తగారింట్లో ఉన్నా దాని గది కప్పు కారుతోందా లేదా అని వానకు ముందే చూసుకుంటాం.

మొన్న మే నెలలో కొడుకు కారులో నాయుడుపేట దాటి అటు వెళుతుంటే బలవంతాన ఆపించాను. గేటు దగ్గర ఒక్క మనిషి కూడా లేడు. చెరువు అడుగున పర్రెలు విచ్చిన మట్టి. కడప చెట్లు పూసి ఉన్నాయి. కొన్ని గూళ్ల పుల్లలు ఇంకా కొమ్మల్లో ఉన్నాయి, మళ్లీ వచ్చి వాటినే సర్దుకుంటాయన్నట్టుగా. చెరువు పూడిక, వాగు నీళ్లు వచ్చే దారి, కట్ట గట్టితనం, చచ్చిన చెట్ల చోట కొత్త మొక్కలు నాటారా లేదా, ఇవన్నీ చూడాల్సిన నెలలు అవే. ఫొటోలు బాగా రావు, ఒప్పుకుంటాను. అయినా ఒక్కసారి మీ విలేకరిని మే నెలలో పంపండి. టోపీ, మజ్జిగ సీసా పెట్టుకుని రమ్మనండి, నీడ తక్కువ.

ఇంతకీ మన గూడబాతులు ఎండాకాలంలో ఏ ఆస్ట్రేలియాకు పోతాయంటే, నీళ్లు, చేపలు ఉన్న చోటికి పోతాయి. నేను పొద్దున్నే స్వర్ణాల చెరువు గట్టున నడుస్తాను, బారాషహీద్ దర్గా వైపు. జూన్‌లో ఒక రోజు నాలుగు గూడబాతులు వరసగా నీళ్ల మీద తేలుతూ కనిపించాయి. పక్కన నడుస్తున్న ఆయన ఫోన్ తీసి వీడియో తీస్తూ, "ఫారిన్ బర్డ్స్ మేడమ్, దారి తప్పి వచ్చినట్టున్నాయి" అన్నారు. నేను ఆయనతో దర్గా దాకా నడుస్తూ ఇదంతా చెప్పాను. రెండో రోజు నుంచి ఆయన గట్టుకు అవతలి వైపు నడుస్తున్నారు.

మీరు ఈ ఉత్తరమంతా వేయలేరని తెలుసు. వేయక్కర్లేదు కూడా. లోపలి పేజీలో, కింద మూలన అయినా సరే, ఒక చిన్న సవరణ వేయండి: నేలపట్టులో గూళ్లు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు మన దేశపు పక్షులే, అవి అక్కడే పుట్టి పెరుగుతాయి అని. మీ పేపరు పేరు, తేదీ పైన కనపడేలా ఉండాలి. మా మనవరాలు ఆ చోటు ఖాళీగా వదిలి, పక్కన పెన్సిల్‌తో గీత గీసి పెట్టుకుంది. టీచరు గారికి చూపించాలట.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్‌ఎం,
మూలాపేట, నెల్లూరు.